నాలుగేళ్లు వాడాక: ఫ్రీ జంపింగ్‌కి మా సరుగుడు కర్రలు, పీవీసీ పైపులు, ఇనుప స్టాండ్లు

మలక్‌పేట రేసుల నుంచి తప్పుకున్న ఒక థరోబ్రెడ్ (రేసు జాతి) ఆడగుర్రాన్ని నాలుగేళ్ల కిందట శంకర్‌పల్లి వైపు మా ఫామ్‌కి తెచ్చుకున్నాను. దానికి పరుగు తెలుసు గానీ దూకడం తెలియదు. వీపు మీద మనిషి లేకుండా, జీను లేకుండా తన కాళ్లను తానే చూసుకోవడం నేర్చుకోవాలని ఫ్రీ జంపింగ్, అంటే స్టాండ్ల మీద పెట్టిన కర్రల మీంచి గుర్రాన్ని ఒంటరిగా దూకించడం, మొదలుపెట్టాం. అందుకోసం కొన్నవాటిలో ఏవి నిలిచాయో, ఏవి మూలపడ్డాయో చెబుతాను.

మొదట నాలుగంగుళాల పీవీసీ పైపులు కొన్నాను. తేలిక, వానకు పాడవవు, ఒక్కడే ఎత్తి పెట్టేయొచ్చు. కానీ మే నెల ఎండలో స్టాండ్ల మీదే వదిలేస్తే మధ్యలో విల్లులా వంగిపోయాయి. అసలు ఇబ్బంది వేరే. కాలు తగిలినా నొప్పి ఉండదని గుర్రం వారం తిరక్కుండానే కనిపెట్టేసింది. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ దాటడం అలవాటైంది. ఒకరోజు కిందపడ్డ పైపు దొర్లి సరిగ్గా దాని కాలి కిందికి వచ్చింది. జారి మోకాళ్ల మీద పడింది. పది రోజులు నడకే. ఆ చప్పుడు గుర్తొస్తే ఇప్పటికీ నాకు గుండె దడే. ఆ పైపుల్ని మళ్లీ దూకడానికి వాడలేదు.

తర్వాత కలప డిపోలో సరుగుడు కర్రలు తీసుకున్నాం. పదడుగుల పొడవు, నాలుగంగుళాల మందం. బెరడు తీసి, కణుపులు చిత్రిక పట్టించి, గరుకు కాగితంతో రుద్దించాలి. ఇక్కడ బద్ధకిస్తే గుర్రం కాళ్లకు పేడులు గుచ్చుకుంటాయి. బరువున్న కర్ర తగిలితే 'టంగ్'మని మోగుతుంది, మరుసటిసారి గుర్రం కాళ్లు పైకి ముడుస్తుంది. రెండో వానాకాలంలో నేల మీద వదిలేసిన మూడింటికి చెదలు పట్టాయి. ఇప్పుడు వాడగానే ఇనుప చట్రం మీదికి ఎత్తేస్తున్నాం. రంగు తెలుపు, నీలం వేశాం. గుర్రాలకు ఎరుపు, నారింజ సరిగా ఆనవు. బ్రిటన్ రేసుల్లో కూడా 2022 నుంచి అడ్డంకుల మీద నారింజ తీసేసి తెలుపు వేయడం మొదలుపెట్టారు.

స్టాండ్లు వెల్డింగ్ షాపులో చేయించాను. మూడంగుళాలకో రంధ్రం. కర్ర కూర్చునే కప్పులు బాగా లోతుగా చేయించడం నా పొరపాటే. కాలు తగిలితే కర్ర పడకుండా స్టాండే వాలిపోయేది. ఇప్పుడన్నీ పల్చటి కప్పులే, ఆక్సర్ (ఒకదాని వెనక ఒకటిగా రెండు కర్రలు పెట్టిన వెడల్పు అడ్డంకి) వెనక కర్రకు దాదాపు చదునైనవి. అంతర్జాతీయ పోటీల్లో ఆ కర్రకు సేఫ్టీ కప్పులు (కాలు తగిలితే కర్రను వదిలేసేవి) తప్పనిసరి. డబ్బు తక్కువైతే కర్రల రంగులో తగ్గించుకోండి, కప్పుల్లో వద్దు. వాడని కప్పును స్టాండుకి వదిలేయకండి, గుర్రం భుజం చీరుకుంటుంది.

ఇక దూరాలు. ఎత్తు కంటే నాకు వీటితోనే ఎక్కువ టెన్షన్. కంచె పక్కన పదడుగుల వెడల్పు దారి, లోపలివైపు తెల్ల టేపు. నేల మీద ఒక కర్ర, తొమ్మిది అడుగులకు క్రాస్ (ఇంటూ గుర్తులా పెట్టిన రెండు కర్రలు), అక్కణ్నుంచి ఇరవై ఒక్క అడుగులకు నిలువు అడ్డంకి (వెడల్పు లేకుండా నిటారుగా ఉండేది), మరో ఇరవై రెండు అడుగులకు ఆక్సర్. ఆక్సర్‌లో వెనక కర్ర ముందుదానికంటే ఎప్పుడూ తక్కువ ఎత్తులో ఉండకూడదు. ముందు కొలత టేపుతో కొలిచి, తర్వాత నా నడకతో సరిచూస్తాను: ఇరవై ఒక్క అడుగులకు ఏడు పెద్ద అంగలు. మొదట్లో అక్కడ ఇరవై అడుగులే పెట్టాను. మా గుర్రానిది రేసుల పొడవాటి అంగ కదా, కర్రకు మరీ దగ్గరగా వచ్చేసి ముందు కాళ్లు తగిలించుకునేది. ఒక్క అడుగు పెంచగానే మెడ చాచి, వీపు గుండ్రంగా చేసి దాటింది. ఇసుక తడిసి బరువెక్కితే అరడుగు తగ్గిస్తాం. మీ గుర్రానికి ఈ లెక్కే సరిపోవాలని లేదు. కాలు ఎక్కడ మోపుతోందో ఇసుకలో గిట్టల అచ్చు చూసి జరపండి.

గుర్రాన్ని చూసుకునే మా సైసన్న అయితే దాని చెవులు చూస్తాడు. రెండు చెవులూ ముందుకు నిక్కబొడుచుకుంటే సరే. ఒకటి వెనక్కి తిరిగిందంటే, "ఆపుదాం అన్నా, ఇవాళ్టికి చాలు," అంటాడు. ఆయన మాట నేను దాటను. వారానికి ఒక్కసారే, పది పన్నెండు దూకుళ్లకు మించి చేయించం.

కర్రల్లో రెండు చివర్ల దగ్గర పగిలాయి. ఈ వానలు తగ్గాక వాటిని మార్చాలి, ఈసారి కూడా సరుగుడే తెస్తాను.