అనంతపురం ఎండకు కూలరా, ఏసీనా?

విజయవాడలో ఉన్న బంధువులు కూలర్ దండగ అంటారు. వాళ్ళ ఊరికి అది నిజమే. అక్కడి గాలిలో తేమ ఎక్కువ, నీళ్ళు తొందరగా ఆవిరి కావు, గది చల్లబడకపోగా ఒళ్ళు జిడ్డవుతుంది. మనది పొడి ఎండ. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఇక్కడి గాలిలో తేమ బాగా తక్కువ, కూలర్‌కు కావాల్సింది అదే. కాబట్టి అనంతపురంలో నా ఓటు కూలర్‌కే. అయితే అంతకంటే ముందు మార్చాల్సినవి ఫ్యాన్లు.

పాత సీలింగ్ ఫ్యాన్ దాదాపు 75 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు, అంటే కరెంటు తక్కువ తినే మోటారు ఉన్న కొత్త రకానికి, 30 వాట్లు చాలు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు ఒక్కో ఫ్యాన్ మీద 20 యూనిట్లు మిగులుతాయి. నెలకు 150 యూనిట్లు కాలే ఇంట్లో మూడు ఫ్యాన్లు మారిస్తే, ఇప్పుడున్న శ్లాబుల ప్రకారం సుమారు 300 రూపాయలు తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ కూడా ఎక్కువసేపు వస్తుంది.

180 వాట్ల కూలర్ రోజుకు 10 గంటలు నడిస్తే నెలకు 54 యూనిట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ, ఫైవ్ స్టార్‌దైనా సరే, మన ఎండకు రాత్రి 8 గంటలు వేస్తే 150 దాటొచ్చు. మూడు రెట్లే కదా అనుకోకండి. నెలకు 225 యూనిట్లు దాటాక 400 వరకు ప్రతి యూనిట్ 8.75 రూపాయలు. పైన చెప్పిన 150 యూనిట్ల ఇంటికే కూలర్ వల్ల 324 రూపాయలు పెరిగితే, ఏసీ 160 యూనిట్లు కాల్చినా దాదాపు 1,200 పెరుగుతుంది. సర్దుబాటు చార్జీలు వేరే.

కూలర్‌తో అసలు చిక్కు నీళ్ళు. ఎంత పొడి ఎండైతే అంత తాగుతుంది. ట్యాంకర్ తెప్పించుకునే వీధుల్లో ఆ ఖర్చు కూడా లెక్కేసుకోవాలి. ఉప్పు బోరు నీళ్ళు పోస్తే ప్యాడ్ల మీద తెల్లగా పొర గట్టిపడి గాలి ఆడదు. అడుగున మిగిలిన నీళ్ళను రెండు మూడు రోజులకోసారి పారబోయాలి, దోమల బెడద కూడా ఉండదు. కూలర్ వేసి తలుపులు, కిటికీలు బిగించేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. కూలర్ కిటికీ బయట ఉండాలి, ఎదురు కిటికీ బెత్తెడైనా తెరిచి ఉండాలి. లేదంటే తేమ గదిలోనే నిలిచిపోతుంది. వానల్లో కూలర్ పనికిరాదు, కానీ జూన్, జూలైలో మనకు పడమటి గాలి ఉంటుంది, ఫ్యాన్ చాలు.

ఇంట్లో మంచం పట్టిన పెద్దలో, పసిపిల్లలో ఉంటే, పడకగది నేరుగా మిద్దె కింద ఉంటే ఏసీ కొనండి, తప్పు లేదు. ముందు మిద్దె మీద సున్నం కొట్టించండి. ఏసీని 26 డిగ్రీల దగ్గర పెట్టి పైన ఫ్యాన్ వేసుకోండి. ఏసీకి అంటించే స్టార్ స్టిక్కర్ మీద రాసే యూనిట్లు ఏడాదికి 1,600 గంటల వాడకానికి లెక్కగట్టినవి. ఏప్రిల్, మే రాత్రుళ్ళు మాత్రమే వేస్తే మీది 500 గంటలు కూడా కాదు. అప్పుడు త్రీ స్టార్‌కూ ఫైవ్ స్టార్‌కూ తేడా ఏడాదికి సుమారు 60 యూనిట్లే. దానికోసం వేలకు వేలు ఎక్కువ పెట్టక్కర్లేదు, త్రీ స్టార్ తీసుకుని మిగిలిన డబ్బుతో ఫ్యాన్లు మార్చండి.