కొత్త ఫ్లాట్ ఇన్‌స్పెక్షన్ సర్వీసు: కెమెరా చూసి కాదు, బకెట్ చూసి డబ్బులివ్వండి

హైదరాబాద్ పడమర కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ, తెల్లాపూర్ వైపు టవర్లు పూర్తవుతున్న కొద్దీ వాటి వెనకే ఒక కొత్త వ్యాపారం పుట్టుకొచ్చింది. బిల్డర్ తాళాలు ఇచ్చే ముందు మీ తరఫున ఇద్దరు ఇంజినీర్లు వస్తారు. రెండు మూడు గంటలు ఫ్లాటంతా తట్టి, కొలిచి, ఫొటోలు తీసుకుని వెళ్లి లావుపాటి రిపోర్టు మెయిల్ చేస్తారు. చదరపు అడుగుకు ఇంత అని బిల్లు, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఆ చదరపు అడుగులు ఫ్లాట్ లోపలి కార్పెట్ ఏరియావా, ఉమ్మడి స్థలంలో వాటా కూడా కలిపిన సూపర్ బిల్టప్‌వా అన్నది ముందే అడగండి. లిఫ్టు లాబీలో మీ వాటాకు కూడా ఇన్‌స్పెక్షన్ చార్జీ కట్టడం దేనికి?

సర్వీసు పనికొస్తుందా అంటే, వస్తుంది. అయిదుకు మూడున్నర మార్కులు ఇవ్వొచ్చు. తగ్గిన ఒకటిన్నరలో ఒక మార్కు థర్మల్ కెమెరాది, అర మార్కు రిపోర్టుది.

ముందు కెమెరా సంగతి. ప్రకటనల్లో అందరూ దాన్నే చూపిస్తారు. రంగురంగుల ఫొటో చూస్తే గోడ లోపల ఏముందో కనిపెట్టేసినట్టే ఉంటుంది. అసలు అది తేమను చూడదు, గోడ పైపొర ఎంత వేడిగా ఉందో మాత్రమే చూస్తుంది. తడి ఉన్నచోట నీరు ఆవిరవుతూ ఆ భాగం చల్లబడితే నీలంగా కనపడుతుంది. అంటే లోపల నీళ్లంటూ ఉండాలి కదా. నెలల తరబడి ఎవరూ కొళాయి తిప్పని ఫ్లాట్‌లో పైపు జాయింటు సరిగా అతకకపోయినా గోడ పొడిగానే ఉంటుంది, కెమెరాకు ఏమీ చిక్కదు. పడమటి గోడకు మధ్యాహ్నం ఎండ తగిలాక తీసిన ఫొటోను నమ్మడం ఇంకా కష్టం. పిన్నులు గుచ్చే మాయిశ్చర్ మీటరుదీ అదే తంతు. అందులోని శాతం సాధారణంగా కలప కోసం లెక్కగట్టినది. ఉప్పు తేలిన ప్లాస్టర్ మీద పెట్టినా, లోపలి ఇనుప మెష్ తగిలినా రీడింగు పైకి లేస్తుంది. పొడి గోడ మీద ఒకటి, అనుమానం ఉన్నచోట ఒకటి తీసి పోల్చి చూస్తేనే దానికి విలువ.

అందుకే డబ్బు కట్టాల్సింది నీళ్ల పరీక్షకు. చాలా ప్యాకేజీల్లో ఇదే ఉండదు, ఎందుకంటే దీనికి రెండుసార్లు రావాలి. బాత్రూంలో నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే రంధ్రం) మూతిని టెస్ట్ ప్లగ్‌తో బిగించి, గుమ్మం దగ్గర ప్లాస్టిక్ షీటులో చుట్టిన ఇసుకతో అడ్డుకట్ట వేసి, 25 మి.మీ. ఎత్తున నీళ్లు నిలబెట్టాలి. నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్ గీత గీయాలి. 24 గంటలు తక్కువలో తక్కువ, 48 అయితే మేలు. ఎండాకాలంలో నీళ్లు వాటంతటవే కొంత ఆవిరవుతాయి, దాన్ని పట్టుకుని సైట్ ఇంజినీరు వాదిస్తాడు. ఆ వాదన రాకుండా అదే బాత్రూంలో ఒక బకెట్‌లో నీళ్లు పోసి దానికీ గీత పెట్టండి. బకెట్‌లో 3 మి.మీ. తగ్గి నేల మీద 10 మి.మీ. తగ్గితే మిగతా నీళ్లు ఎటో పోయినట్టే.

ఎటు పోయాయో చూడాల్సింది మీ ఫ్లాట్‌లో కాదు, కింది ఫ్లాట్ సీలింగ్‌లో. దానికి కింది ఫ్లాట్ తాళం కావాలి. ఇన్‌స్పెక్షన్ వాళ్లు ఈ అనుమతి గురించి ముందురోజే అడగకపోతే వాళ్లకు ఈ పరీక్ష చేసే ఉద్దేశం లేదని అర్థం. బాత్రూం స్లాబును 200 నుంచి 300 మి.మీ. కిందికి దించి కట్టిన సంకెన్ అయితే ఇంకో చిక్కుంది. కారిన నీళ్లు ముందు ఆ గుంటలో నిండుతాయి, కింద మచ్చ తేలేసరికి నెలలు పట్టొచ్చు. అలాంటి చోట సంకెన్ అడుగు నుంచి షాఫ్ట్‌లోకి (పైపులు దిగే నిలువు సందులోకి) వదిలిన చిన్న డ్రెయిన్ పైపు ఉందేమో కనుక్కుని, దాని మూతి తడిగా ఉందేమో టార్చి వేసి చూడాలి. సంకెన్ లేకుండా పైపుల్ని స్లాబు కింద వేలాడదీసిన బిల్డింగుల్లో పని తేలిక. పై ఫ్లాట్ పైపులు మీ బాత్రూం ఫాల్స్ సీలింగ్‌లోనే ఉంటాయి. ట్రాప్ డోర్ తీసి, పైవాళ్ల బాత్రూంలో నీళ్లు వదలమని చెప్పి, జాయింట్ల కింద టిష్యూ కాగితం ఆనిస్తే చాలు.

వాలు చూడటానికి పరికరమే అక్కర్లేదు. నాలుగు మూలలా ఒక్కో మగ్గు పొయ్యండి. మీటరుకు 10 మి.మీ. వాలు ఉంటే నీళ్లు తిన్నగా ట్రాప్‌కు చేరతాయి. కమోడ్ వెనక, గుమ్మం పక్కన నిలిస్తే టైల్స్ పీకి మళ్లీ వెయ్యాల్సిందే. 'పుట్టీతో సర్దేస్తాం' అనే మాటకు తలూపకండి.

ఈ టవర్లలో అసలు సిసలు పరీక్ష ఇంకోటుంది, మంచి టీం అయితేనే చేస్తుంది. పెద్ద ప్రాజెక్టుల్లో ఫ్లష్ ట్యాంకులకు ఎస్టీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంటులో) శుద్ధి చేసిన నీళ్లు వేరే లైనులో వస్తాయి. ప్లంబర్ తొందరలో హెల్త్ ఫాసెట్‌నో, వాష్ బేసిన్‌నో ఆ లైనుకు కలిపేస్తే పైకి ఏమీ తెలియదు. షాఫ్ట్‌లో మంచినీటి వాల్వ్ కట్టేసి ఫ్లాట్‌లోని ప్రతి కొళాయీ తిప్పి చూడాలి. పైపులో మిగిలిన నీళ్లు కారిపోయాక ఏ కొళాయీ రాకూడదు, ఫ్లష్ ట్యాంకు మాత్రం నిండాలి. తర్వాత ఫ్లష్ లైను కట్టేసి తిరగేసి చూడాలి. పది నిమిషాల పని. రిపోర్టులో ఈ పరీక్ష పేరే లేకపోతే ఆ కంపెనీకి హైరైజ్ కొత్తన్నమాట.

నీటి ఒత్తిడీ అంతే. 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్ చొప్పున పెరుగుతుంది కాబట్టి, పైన ట్యాంకు నుంచి ముప్పయ్ అంతస్తులు దిగేసరికి 9 బార్ దాకా చేరుతుంది. దాన్ని తగ్గించడానికి జోన్ల వారీగా ప్రెషర్ వాల్వులు పెడతారు. వాషింగ్ మెషిన్ కొళాయికి గేజ్ బిగిస్తే 2, 3 బార్ మధ్య ఉండాలి. 5 దాటితే గీజరు కనెక్షన్ పైపు ఏదో ఒక రాత్రి పగలొచ్చు. పై అంతస్తుల వాళ్ల బాధ దీనికి తిరగబడి ఉంటుంది, షవర్ సన్నగా కారుతుంది. గేజ్ పెట్టినప్పుడే నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటరూ ముంచమనండి. తాగునీటి ప్రమాణంలో కోరదగిన హద్దు లీటరుకు 500 మి.గ్రా., వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. బోరు నీళ్లూ ట్యాంకర్ నీళ్లూ కలిసే చోట ఇది రోజుకో రకంగా ఉంటుంది కాబట్టి ఒక్క రీడింగు పట్టుకుని కంగారు పడక్కర్లేదు.

కరెంటు పనిలో ఈ సర్వీసులు సాధారణంగా బాగా చేస్తాయి. ప్రతి సాకెట్‌లో మూడు దీపాల టెస్టర్ పెట్టి ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యాయేమో, ఎర్త్ అసలుందో లేదో చూస్తారు. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చు మీది టెస్ట్ బటన్ నొక్కి సరిపెట్టుకుంటే ఒప్పుకోకండి. ఆ బటన్ స్విచ్చు లోపలి యంత్రం కదులుతోందని మాత్రమే చెబుతుంది. ప్రత్యేక టెస్టర్‌తో 30 మిల్లీ యాంపియర్లు ఎర్త్‌లోకి వదిలితే 300 మిల్లీ సెకన్ల లోపు పడిపోవాలి. గీజరు, ఏసీ పాయింట్లకు 4 చ.మి.మీ. వైరు లాగారో లేదో ఒక ప్లేటు విప్పి చూపించమనండి.

గోడల దగ్గరికొస్తే మైవానా (అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి కట్టినదా), ఏఏసీ బ్లాకులా (తేలికపాటి సిమెంటు ఇటుకలా) అన్నదాన్ని బట్టి తీర్పు మారాలి. మైవాన్‌లో గోడ కూడా కాంక్రీటే. కిటికీ మూలల్లో ఏటవాలుగా వచ్చే వెంట్రుకంత పగుళ్లు చాలావరకు కాంక్రీటు ముడుచుకోవడం వల్ల వచ్చేవి. పగులు గోడకు అవతలి వైపు కూడా తేలిందా అన్నదే చూడాలి. ఆ అచ్చులకు బిగించిన టై రాడ్ల రంధ్రాల్ని బయటి గోడలో సరిగా పూడ్చకపోతే వాన నీళ్లకు అదే దారి. ఏఏసీ గోడైతే కాలమ్‌కు, బీముకు ఆనుకున్న చోట గీత గీసినట్టు తిన్నగా పగులుతుంది. జాయింటు మీద మెష్ వెయ్యకుండా ప్లాస్టర్ చేశారనడానికి అది గుర్తు. పుట్టీ పూసి రంగేస్తే మళ్లీ ఎండాకాలానికి అక్కడే తేలుతుంది. మెష్ వేసి చెయ్యమని అడగాలి. ఈ రెంటికీ తేడా లేకుండా 'క్రాక్ గమనించబడింది' అని నలభై ఫొటోలు పెట్టే రిపోర్టులే ఎక్కువ.

టైల్స్ తట్టి బోలు శబ్దం వచ్చినవాటికి స్టిక్కర్లు అంటించడం అందరూ చేస్తారు. వంటగదిలో, ప్రధాన గుమ్మం దగ్గర ఉన్నవాటిని పట్టుబట్టి మార్పించండి. సైట్‌లో అదే బ్యాచ్ టైల్స్ ఉన్నప్పుడే మార్పించాలి, ఏడాది తర్వాత అదే షేడ్ దొరకదు. కిటికీల్లో యూపీవీసీ ఫ్రేము అడుగున నీళ్లు బయటికి పోయే సన్నని సందులుంటాయి, సిమెంటు పడి అవి మూసుకుపోవడం మామూలే. బయటి నుంచి పైపుతో పది నిమిషాలు నీళ్లు కొడితే తెలిసిపోతుంది.

లేజర్‌తో కొలిచిన కార్పెట్ ఏరియా పట్టిక చూసి బిల్డర్ మీదికి పోయే ముందు ఒకటి గమనించండి. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం లెక్కలో ఫ్లాట్ లోపలి అడ్డుగోడల మందం కూడా కార్పెట్ ఏరియాలోకే వస్తుంది, బాల్కనీ రాదు. గదుల కొలతలు కూడితే ఎప్పుడూ తక్కువే వస్తుంది. గోడలు కలపకుండా తేడా చూపించే రిపోర్టు చేతిలో పెట్టుకుని వెళ్తే మిగతా న్యాయమైన పాయింట్ల విలువ కూడా పోతుంది.

రిపోర్టుకు అర మార్కు తగ్గించింది ఇందుకే. రంగు గీతలు, స్విచ్ బోర్డు మరకలు కలిపి వంద దాటిన పాయింట్ల మధ్య నాలుగు అసలైనవి మునిగిపోతాయి. సైట్ వాళ్లు తేలికైన తొంభై మూసేసి 'తొంభై శాతం అయిపోయింది' అంటారు. నీరు, కరెంటు, వాలు, పగుళ్లు విడిగా ఒకే పేజీలో ఇవ్వమని ఒప్పందంలోనే రాయించుకోండి. రిపేర్లయ్యాక తిరిగి చూడటానికి వేరే చార్జీ ఉందా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. వాటర్‌ప్రూఫింగ్, ఇంటీరియర్ పనులు కూడా అమ్మే కంపెనీ అయితే దాని రిపోర్టును కాస్త అనుమానంతోనే చదవండి.

కాగితాలు వీళ్ల పనిలోకి రావు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిందా, ప్లాను మంజూరు సమయంలో బిల్డర్ అనుమతిచ్చే సంస్థకు తనఖా పెట్టిన 10 శాతంలో మీ ఫ్లాట్ ఉందా అన్నది మీరే చూసుకోవాలి. 2012 నాటి జీవో 168 ప్రకారం ఓసీ లేని బిల్డింగుకు కరెంటు, నీళ్లు ఇచ్చినా మూడు రెట్లు వసూలు చెయ్యొచ్చు.

ఇక తేదీ. చివరి వాయిదా కట్టాక, 'చూసుకున్నాను, తృప్తిగా ఉంది' అనే పొజెషన్ లెటర్ మీద సంతకం పెట్టాక పిలిస్తే ఎంత మంచి టీం వచ్చినా సగం బలం పోయినట్టే. పొజెషన్ తేదీ నుంచి అయిదేళ్లలోపు బయటపడిన నిర్మాణ, పనితనపు లోపాల్ని చెప్పిన 30 రోజుల్లో ఉచితంగా సరిచెయ్యాలని రెరా చట్టం సెక్షన్ 14(3)లో ఉంది. కానీ మొదటిరోజే ఉన్న లోపమని చూపించడానికి తేదీతో కూడిన కాగితం ఉంటే ఆ పోరాటం తేలిక. సంతకం తప్పనిసరైతే 'జతచేసిన లిస్టులోని లోపాలు సరిచేయాలనే షరతుతో' అని చేత్తో రాసి, రెండో కాపీ మీద వాళ్ల స్టాంపు వేయించుకోండి.

బయటివాళ్లను రానివ్వబోమని బిల్డర్ అంటే సాకెట్ టెస్టరు, టార్చి, పెన్సిల్, టెస్ట్ ప్లగ్ మీరే పట్టుకెళ్లండి. సైట్ ఆఫీసుకు రెండు రోజుల ముందు మెయిల్ పెట్టి ఆ రోజు ఫ్లాట్‌కు నీళ్లు, కరెంటు ఇప్పించమనండి. కింది ఫ్లాట్ తాళం సంగతి కూడా అదే మెయిల్‌లో అడగండి.