రెట్విక్: స్టాక్‌హోమ్‌తో ఆగిపోకండి

వరంగల్ నుంచి స్వీడన్ దాకా పోయేవాళ్లు రాజధాని చూసి వెనక్కి తిరిగితే దలార్నా ప్రాంతం అందం చేజారినట్టే. ఆ ప్రాంతంలోని రెట్విక్ ఊరికి స్టాక్‌హోమ్ నుంచి రైల్లో మూడు గంటల పైచిలుకు. స్టేషన్ పక్కనే సిల్యాన్ సరస్సు, దాంట్లోకి 628 మీటర్లు సాగిన చెక్క వంతెన. లక్నవరం వంతెనలా ఊగదు గానీ, చివరిదాకా నడిస్తే గాలి గట్టిగా కొడుతుంది. జూన్‌లోనైనా జాకెట్ ఉండాలి.

అసలు చూడాల్సింది దల్‌హల్లా. కోట్ల ఏళ్ల కింద ఉల్క పడి ఇక్కడ సున్నపురాయి పొరలు తారుమారయ్యాయి. ఆ రాయి తవ్విన క్వారీ 1990లో మూతపడింది. సుమారు 60 మీటర్ల లోతున్న ఆ గోతిలోనే ఇప్పుడు ఆరుబయట కచేరీలు జరుగుతాయి. రాతి గోడల మధ్య పాట వినాల్సిందే! కచేరీలు వేసవిలోనే కాబట్టి తేదీలు చూసుకున్నాకే విమానం టికెట్ కొనండి. రాత్రి ఆ గోతి అడుగున చలి ఎక్కువ. గొడుగు వెనకవాళ్లకు అడ్డం, రెయిన్‌కోటే మేలు.

ఇళ్లకు దూరంగా అడవిలో ఒక రాత్రి టెంట్ వేసుకోవచ్చు, అడిగేవారుండరు. ఎండలు ముదిరితే మాత్రం మంట పెట్టడంపై నిషేధం ఉంటుంది. దోమల మందు తప్పనిసరి.

డబ్బుల దగ్గరే మనవాళ్లు ఇరుక్కుంటారు. నగదు చాలాచోట్ల తీసుకోరు. అక్కడ డబ్బులు చెల్లించే స్విష్ యాప్‌కు స్వీడన్ బ్యాంకు ఖాతా కావాలి. బయల్దేరకముందే కార్డులో విదేశీ చెల్లింపులు ఆన్ చేసుకోండి.