యురేనియం రాయికి మూత బిగించిన పెట్టె మేలా, గాలాడే బీరువా మేలా?

మ్యూజియంలో యురేనియం ఖనిజం ఉందనగానే చాలామంది ఇచ్చే సలహా "సీసం పెట్టెలో పెట్టి మూత బిగించెయ్యండి" అని. నా లెక్కలో అది సగమే సరైన సలహా.

రాయి నుంచి వచ్చే రేడియేషన్‌లో ఆల్ఫా కణాలను షోకేసు గాజే ఆపేస్తుంది. గామా కిరణాలు గాజును దాటొస్తాయి కానీ రాయికి రెండింతల దూరం జరిగితే తగిలేది దాదాపు నాలుగో వంతే. అసలు తలనొప్పి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువుతో. యురేనియం క్షీణించే క్రమంలో రేడియం, దాన్నుంచి ఈ వాయువు పుడతాయి, రంగుండదు, వాసనుండదు, అర్ధాయువు (అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం) 3.8 రోజులు.

మూత బిగిస్తే అది బయటికి రాదు, నిజమే. కానీ లోపల పోగవుతూ నెల తిరిగేసరికి గరిష్ఠానికి చేరి అక్కడే నిలుస్తుంది, ఆ తర్వాత ఎవరు మూత తీస్తే వాళ్ల ముఖం మీదికి అదంతా ఒక్కసారే వస్తుంది. పైగా రేడాన్ క్షీణించగా వచ్చే రేడియోధార్మిక సీసం-210 పెట్టె గోడలకు పట్టేస్తుంది, దాని అర్ధాయువు 22 ఏళ్లు. ఖాళీ పెట్టెను కూడా అనుమానంగానే చూడాలన్నమాట!

గాలిని పైపుతో భవనం బయటికి పంపే ఫ్యాన్ ఉన్న బీరువాలో ఈ బాధ లేదు. పిచ్‌బ్లెండ్ అనే యురేనియం ఖనిజానికైతే (1898లో క్యూరీ దంపతులు పొలోనియం, రేడియం కనిపెట్టింది ఈ ఖనిజంలోనే) రెండో ఆలోచన అక్కర్లేదు, బీరువాయే మేలు. అది గట్టి నల్లరాయి, పొడిగాలి తగిలినా చెక్కుచెదరదు.

చిక్కంతా టార్బెర్నైట్, ఆటునైట్ అనే మరో రెండు యురేనియం ఖనిజాలతో. వీటి స్ఫటికాల్లో నీరుంటుంది, పొడిగాలికి అది పోయి పొరలు పొరలుగా రాలతాయి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మాత్రం గాజు ఆపేసే ఆల్ఫాయే అన్నిటికన్నా ప్రమాదం. అందుకే వీటిని చిన్న మూత డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను గాలాడే బీరువాలో ఉంచి, తెరవాల్సి వస్తే గ్లౌజులు వేసుకుని ఫ్యూమ్ హుడ్ (గాలిని బయటికి లాగేసే ల్యాబ్ గూడు) కిందే తెరవాలి.

అసలు రాయి దాచేసి ఫోటో పెడితే పోలా అనేవాళ్లూ ఉన్నారు. ఆటునైట్ అతినీలలోహిత కాంతిలో పసుపుపచ్చగా మెరుస్తుంది కాబట్టి మంచి ఫోటో కొంతవరకు సరిపోతుందేమో, టార్బెర్నైట్‌లో రాగి ఉండడంతో ఆ మెరుపు రాదు, దాని పచ్చదనాన్ని నేరుగా చూడాల్సిందే.

ఒక్కదానికే డబ్బుంటే నా ఓటు ఫ్యాన్‌కే. మూత డబ్బాలకు పెద్ద ఖర్చేమీ కాదు.