ఛోటా భీమ్ అండ్ ది కర్స్ ఆఫ్ దమ్యాన్ (2024): సోనాపూర్ ఎక్కువైంది, ఢోలక్‌పూర్ తక్కువైంది

ఛోటా భీమ్ మన హైదరాబాద్ వాడని చాలామందికి ఇప్పటికీ తెలీదు. 2008లో పిల్లల చానల్ పోగోలో ఈ కార్టూన్ మొదలైనప్పటి నుంచి ఎక్కువగా హిందీలోనే విన్నాం కాబట్టి ఎక్కడో ముంబైలో తయారవుతుందనుకుంటారు గానీ, దాన్ని సృష్టించిన రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ యానిమేషన్ ఉన్నది ఇక్కడే. ఆ బొమ్మల భీమ్‌ని మనుషులతో సినిమాగా ఆయనే డైరెక్ట్ చేసి, మే 31న, బడులు తెరవకముందే రిలీజ్ చేస్తున్నారనగానే చాలా ఆశపడి పిల్లల్ని వెంటేసుకుని వెళ్లాను. పిల్లలతో ఒకసారి కూర్చుని చూడొచ్చు, చెడ్డ సినిమా కాదు. కానీ టీవీలో భీమ్ అంటే పడిచచ్చే పిల్లలు వెతుక్కునేది ఇందులో తక్కువే దొరుకుతుంది.

కథ కొత్తది కాదు. 2012లో వాళ్లే ఇదే పేరుతో థియేటర్లలో వేసిన యానిమేషన్ సినిమా కథే. ఎడారిలో ఇసుక కింద కూరుకుపోయిన సోనాపూర్, అక్కడ శాపంతో బందీగా పడున్న మాయావి దమ్యాన్, వాణ్ణి విడిపించడానికి భీమ్ ఊరు ఢోలక్‌పూర్‌ని ఏలే రాజు ఇంద్రవర్మకి నిధి ఆశ చూపించే స్కంధి, చివరికి వెయ్యేళ్లు వెనక్కి వెళ్లి దమ్యాన్‌ని అడ్డుకోవాల్సిన భీమ్, అతని స్నేహితులు.

నా గొడవంతా ఈ కథను ఎంచుకోవడంతోనే. బొమ్మల్లో మనిషినీ, వెనక ఉన్న కోటనీ గీసింది ఒకే చెయ్యి కాబట్టి రెండూ ఒకే లోకానివిగా కనిపిస్తాయి, ఎడారి ఎంత పెద్దదైనా కన్ను నమ్మేస్తుంది. అదే కోట ముందు నిజం పిల్లాణ్ణి నిలబెడితే వాడి మొహం మీద పడే వెలుగు, కాళ్ల కింద నీడ, జుట్టుకి తగిలే గాలి అన్నీ ఆ కోటతో కలవాలి, కలవకపోతే అయిదేళ్ల పిల్లకి కూడా తేడా తెలిసిపోతుంది. ఇక్కడ చాలాచోట్ల కలవలేదు. కథ దాదాపు మొత్తం మంత్రాలు, మాయలు, పాతకాలపు మహానగరం మీద నడిచేది కావడంతో ప్రతి పది నిమిషాలకీ గ్రాఫిక్స్ మీద ఆధారపడక తప్పలేదు.

లడ్డూ సంగతి చూడండి. కార్టూన్‌లో భీమ్ లడ్డూ నోట్లో వేసుకోగానే కండలు ఉబ్బుతాయి, ఒక్క గుద్దుకి శత్రువు ఆకాశంలోకి ఎగిరిపోతాడు, అంతా రెండు క్షణాల పని, పిల్లలు పగలబడి నవ్వుతారు. మనుషులతో తీసేసరికి ఒంటికి బరువుంటుంది, ఎగిరేవాడు తాళ్లకి వేలాడుతున్నట్టు అనిపిస్తుంది, నవ్వు రావాల్సిన చోట మామూలు ఫైటు మిగులుతుంది. పైగా కార్టూన్ భీమ్‌కి తొమ్మిదేళ్లు. ఇక్కడ 'పంగా'లో కంగనా కొడుకుగా చేసిన యజ్ఞ భాసిన్ టీనేజ్ కుర్రాడిలా కనిపిస్తాడు. అబ్బాయి శ్రద్ధగా చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి, కానీ చిన్నపిల్లాడు పెద్ద రాక్షసుణ్ణి కొట్టడంలో ఉండే సరదా సగం పోయింది.

బాగున్నవీ ఉన్నాయి. స్కంధిగా మకరంద్ దేశ్‌పాండే బొమ్మల సినిమాకి ఎంత అతి కావాలో అంతే చేశాడు, ఆయన వచ్చినప్పుడల్లా సీటులో ముందుకి జరిగి చూశాం. గురు శంభుగా అనుపమ్ ఖేర్ హుందాగా ఉన్నారు, కాకపోతే ఆయనతో చెప్పించిన నీతులు ఎక్కువై పిల్లలు పాప్‌కార్న్ వైపు తిరిగారు. ఢోలక్‌పూర్‌లో భీమ్, చుట్కీ, బుడ్డోడు రాజు, కాలియా, ఢోలు భోలు కలిసి ఉన్న కాసేపూ హాల్లో పిల్లల గోల వేరేలా ఉంది, టీవీలో చూసిన స్నేహితులు ఎదురుగా వచ్చినట్టే అరిచారు. ఆ ఊరినీ, టున్‌టున్ అత్త లడ్డూలనీ, కాలియా కుళ్లునీ అంత తొందరగా వదిలేసి సోనాపూర్ వెళ్లిపోవడం నాకు నిజంగా బాధనిపించింది.

రూపం మారితే ఏం వదిలెయ్యాలో వీళ్లకి తెలియక కాదు. 2019లో నెట్‌ఫ్లిక్స్‌కి చేసిన 'మైటీ లిటిల్ భీమ్'లో భీమ్‌ని పాకే వయసు పిల్లాణ్ణి చేసి, మాటలు దాదాపు తీసేసి, కేవలం అల్లరి మీద నడిపారు, ఏ భాష పిల్లలైనా చూసేలా వచ్చింది. అంత ధైర్యం ఇక్కడా చేసుంటే, ఊళ్లోనే జరిగే చిన్న కథ ఒకటి కొత్తగా రాసుకునుంటే, ఇన్ని గ్రాఫిక్స్ అవసరమయ్యేవే కాదు.

ఆరేళ్ల నుంచి పదేళ్ల పిల్లలకైతే చూపించండి. అంతకన్నా చిన్నవాళ్లు దమ్యాన్ సీన్లకి జడుసుకోవచ్చు, పైగా నిడివి కూడా వాళ్లకి ఎక్కువే. రెండూ చూసే ఓపికుంటే ముందు 2012 బొమ్మల సినిమా పెట్టండి, కథ అందులోనే చురుగ్గా నడుస్తుంది. నా మార్కులు అయిదుకి రెండున్నర, అందులో ఒకటి మకరంద్ దేశ్‌పాండేకే.