దీక్షా యాప్: మా పర్లాకిమిడి ఇంట్లో ఎంతవరకు పనికొచ్చిందంటే

మాది ఒడిశాలోని పర్లాకిమిడి, మా అమ్మాయి ఇక్కడే ప్రభుత్వ హైస్కూల్లో పదో తరగతి, ఒడియా మీడియం. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో పిల్లలు అవే సైన్సు పాఠాలు తెలుగులో చదువుకుంటున్నారు. ఇలాంటి ఇళ్ళు మా గజపతి జిల్లాలో చాలా ఉన్నాయి కాబట్టి రాస్తున్నా.

దీక్షా అంటే బడి పాఠాల యాప్, కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టింది, పైసా కట్టక్కర్లేదు. పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియోలు, ప్రశ్నలు వస్తాయని అందరికీ తెలుసు, కానీ నాకు బాగా నచ్చింది బోర్డు, మీడియం మార్చుకునే వీలు. ఒడియాలో చదివిన టాపిక్‌నే ఆంధ్రప్రదేశ్, తెలుగు మీడియం అని పెట్టి మళ్ళీ చూడొచ్చు. రెండు చోట్లా పాఠాల వరస ఒకటి కాదు, టాపిక్ పేరుతో వెతుక్కోవాలి. కుంభాకార కటకం బొమ్మలన్నీ మా పిల్ల బట్టీ పట్టేసింది గానీ, వస్తువుని నాభికీ కటకానికీ మధ్య పెడితే ప్రతిబింబం వస్తువున్న వైపే ఎందుకు పెద్దగా కనిపిస్తుందని అడిగితే నోరు మెదపలేదు. తెలుగు వీడియో ఆపుకుంటూ చూసి, స్కేలు పెట్టి కిరణాల్ని చుక్కల గీతలతో వెనక్కి పొడిగించి, "నాన్నా, ఇవి ఇటువైపు కలవవు, వెనకాల కలిసినట్టు కనిపిస్తాయి అంతే" అంది. ఆ తర్వాత అదే జవాబు ఒడియాలో రాయడానికి తడుముకోలేదు. మెట్రిక్ టెన్షన్ సగం తగ్గింది.

కోడ్ మీద ఇంకు పడి స్కాన్ అవకపోతే దాని కిందే ఆరు అక్షరాలు ఉంటాయి, అవి కొట్టండి. వీడియోలు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా ఆడతాయి. మోహన, గుమ్మ వైపు కొండ ఊళ్ళవాళ్ళు సంతకి దిగినప్పుడే దించుకుని వెళ్తే మంచిది.

ఇక బాధ ఏంటంటే, ఇదంతా చేతిలో ఫోనున్న పిల్లల మాట. తండ్రి పొద్దున్నే ఫోను పట్టుకుని పనికి పోతే ఆ పిల్ల ఎందులో చూడాలి? 2021 నుంచి ఒడిశాలో 5టీ అనే రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమం కింద హైస్కూళ్ళకి స్మార్ట్ క్లాసులు, ఈ-లైబ్రరీలు, ల్యాబులు ఇచ్చారు, చాలా మంచి పని. కానీ నాకు తెలిసిన ఒక బడిలో ఆ గది తాళం పైవాళ్ళు వచ్చినప్పుడే తీస్తారు, స్మార్ట్ బోర్డు మీద ప్లాస్టిక్ కవరు కూడా అలాగే ఉంది. ఏదైనా పాడైతే రిజిస్టర్లో సంతకం పెట్టిన మాస్టారి మీదకే వస్తుందన్న భయం, అది నాకూ అర్థమవుతుంది. అయినా పిల్లల కోసం కొన్నదాన్ని పిల్లలు ముట్టుకోకుండా దాచడం మాత్రం నాకు మింగుడుపడటం లేదు.

యాప్‌కి ఐదుకి నాలుగు ఇస్తా. ఇంట్లో ఫోన్ లేని పిల్లలకి అందడం లేదు కాబట్టి ఒకటి తగ్గించా. పేరెంట్స్ మీటింగులో కొందరం కలిసి అడిగితే శనివారం ఒక పీరియడ్ ఆ గదిలో పెడతామన్నారు. మీ బడిలోనూ గది ఉందేమో చూసి, టైంటేబుల్లో వేయమని హెడ్మాస్టరు గారిని అడగండి.