కెడిల్‌స్టన్ హాల్: పైన స్తంభాల హాలు, కింద మన మగ్గం వర్క్

కెడిల్‌స్టన్ హాల్ అనే ఈ పాత భూస్వామి బంగ్లా ఇంగ్లండ్‌లో డెర్బీకి దగ్గర్లోనే ఉంది, కారులో వెళ్తే సులువు. చుట్టూ ఉన్న పార్కు తెరిచిన ప్రతి రోజూ ఇల్లు తెరిచి ఉండదు, ముందే వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరండి. నేను అమ్మని తీసుకెళ్లాను. తను ఇరవై ఏళ్లు బ్లౌజులకి మగ్గం వర్క్ చేసింది, అందుకే ఇక్కడ రాస్తున్నదాంట్లో సగం తన కళ్లతో చూసిందే.

ఈ ఇల్లు నతానియేల్ కర్జన్ అనే భూస్వామి 1759లో మొదలుపెట్టాడు. పాత ఇల్లు కూల్చేసి, కొత్త ఇంటి చుట్టూ ఖాళీగా కనపడాలని ఊరికి ఊరునే అక్కడి నుంచి తరలించేశాడు, మిగిలింది చర్చి ఒక్కటే, ఇప్పటికీ ఇంటి పక్కనే ఉంది. లోపలికి అడుగు పెట్టగానే మార్బుల్ హాల్, ఇరవై అలబాస్టర్ (పాలరాయి లాంటి మెత్తటి రాయి) స్తంభాలు, ఒక్కోటి దాదాపు 25 అడుగులు. గోడలకి కిటికీల్లేవు, వెలుతురంతా పైకప్పు నుంచే దిగుతుంది. రాబర్ట్ ఆడమ్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ అది. కుటుంబం ఉండేది పక్క భాగంలో, మధ్యలో ఉన్నదంతా వచ్చినవాళ్లకి చూపించడానికే. హౌస్‌కీపర్ మిసెస్ గార్నెట్ ఆ కాలంలోనే సందర్శకులని దగ్గరుండి తిప్పి చూపించేదట, కేటలాగ్ చేతిలో పట్టుకున్న ఆవిడ పెయింటింగ్ ఇంట్లో ఉంది, నాకు దొరల బొమ్మలన్నిటికంటే అదే నచ్చింది. 1987 నుంచి ఇల్లు పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది.

కలకత్తా రాజ్‌భవన్ (ఇప్పుడు లోక్ భవన్) ఈ ఇంటి ప్లాన్ చూసి కట్టిందే. ఇక్కడ నాలుగు రెక్కలు (పక్క భాగాలు) అనుకుని రెండే కట్టారు, అక్కడ నాలుగూ కట్టారు. ఈ ఇంట్లో పుట్టిన లార్డ్ కర్జన్ 1899లో వైస్రాయ్ అయి ఆ ఇంట్లోనే ఉన్నాడు. 1905లో బెంగాల్‌ని విడగొట్టిన కర్జన్ ఆయనే. ఆ మంట మన రాజమండ్రి దాకా వచ్చింది, 1907లో బిపిన్ చంద్ర పాల్ ఉపన్యాసాలు అప్పటివే.

పై గదులు చూసి వెనక్కి వచ్చేయకండి, దయచేసి. కింది అంతస్తులో కర్జన్ మన వైపు నుంచి తెచ్చుకున్న వస్తువుల మ్యూజియం ఉంది, ఆయన భార్య మేరీ 1903 ఢిల్లీ దర్బార్ అప్పుడు వేసుకున్న నెమలి గౌను కూడా ఈ ఇంటిదే. ఢిల్లీలో మనవాళ్లు బట్ట మీద జర్దోసీ (లోహపు తీగతో చేసే మగ్గం పని) చేసి ఇస్తే, పారిస్‌లో వర్త్ అనే బట్టల కంపెనీ గౌనుగా కుట్టింది. గౌనంతా నెమలి ఈకలే, వెండి బంగారు తీగతో. ఈక కన్ను దగ్గర ఆకుపచ్చగా మెరిసేది పచ్చ రాయి అనుకున్నాను. అమ్మ వంగి చూసి "రాయి కాదురా, పురుగు రెక్క" అంది. నిజంగానే అది మనం చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకునే బంగారు పురుగు లాంటిదాని రెక్క. తీగ ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో అమ్మ గాల్లో వేలితో గీసి చూపించింది, ఒక ఈకకి తనకైతే ఎంతసేపు పడుతుందో లెక్క వేసింది, ఇక అక్కడి నుంచి కదల్లేదు.

కనీసం నాలుగు గంటలు పెట్టుకోండి, అందులో ఒక గంట కింది అంతస్తుకే ఉంచండి.